బంకరుకు కషాయం

కిందటి నెల ఒక ఆదివారం పొద్దున, సముద్రం పక్క కొండ మీద పాత బంకరు నీడలో కూర్చుని ఉన్నాను. పాతికేళ్లు కూడా నిండని ఒక అబ్బాయి గోడ మీద చెయ్యి వేసి, పక్కనున్న అమ్మాయికి చరిత్ర చెబుతున్నాడు. యుద్ధకాలంలో శత్రువుల ఓడలకు కనిపించకూడదని అప్పటి సైనికులు ఈ గోధుమ రంగు వేశారట. దొరల కాలపు రంగు కాబట్టే ఇన్నేళ్లయినా చెక్కు చెదరలేదట. ఆ అమ్మాయి అబ్బురపడిపోయి నాలుగు ఫోటోలు తీసుకుంది. నాకు నవ్వు ఆగలేదు. తాగుతున్న నీళ్లు కాస్తా ముక్కులోకి పోయి దగ్గు పట్టుకుంటే, పాపం ఇద్దరూ కంగారుపడి నా వీపు నిమిరారు.

ఒరే నాయనా, ఆ రంగు వేసింది సైనికులు కాదురా అని అక్కడే చెప్పేద్దును. ఊపిరి అందలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ గోడకు రంగు పూసినవాళ్లలో నేనొకదాన్ని. రిటైర్మెంటుకు నాలుగు నెలల ముందు, కొంగు బొడ్లో దోపుకుని, చేత్తో కొబ్బరి చీపురు పట్టుకుని పూశాను.

నేను గవర్నమెంటు ఆఫీసులో ట్రేసర్‌గా చేశాను. అలాంటి ఉద్యోగం ఒకటుండేదని మీలో చాలామందికి తెలియదు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పటం మీద పల్చటి కాగితం పరిచి, సిరాతో మళ్లీ అంతా గీయడమే మా పని. మా నాన్న పోర్టులో గుమాస్తా. విశాఖ వన్ టౌన్‌లో పుట్టి, అక్కడి సందుల్లోనే పెరిగి, ఆదివారం చర్చి, సోమవారం ఆఫీసుగా ముప్పై ఏళ్లు పైన ఒకే ఎత్తు బల్ల ముందు గడిపాను. ఊళ్లో ఉన్న ప్రతి కొండనీ గీశాను. ఒక్కటి కూడా ఎక్కలేదు. మా ఇంటాయన స్టీల్ ప్లాంట్‌లో చేసేవారు. కూర్మన్నపాలెంలో మా ఇల్లు మొదటి అంతస్తులో ఉంటే, ఆ మెట్లు ఎక్కడానికే నేను సణిగేదాన్ని.

తరవాత కంప్యూటర్లు వచ్చాయి. ట్రేసర్లకు పని పోయింది గానీ జీతం పోలేదు. ఆఫీసులో పాత బీరువాలా ఒక మూల ఉండిపోయాను. ఎవరికీ అక్కర్లేదు, అలాగని బయట పడెయ్యడానికీ వీల్లేదు. అలాంటి రోజుల్లో పైనుంచి ఒక కాగితం వచ్చింది. సముద్రం వెంట కొండ మీదుగా పాత యుద్ధ బంకర్ల దాకా జనం నడవడానికి ఒక దారి వెయ్యాలని. ఆ కొండ పటం ఎవరు గీశారని వెతికితే కింద మూల నా పొడి అక్షరాలున్నాయి. మా పై అధికారి నవ్వుతూ, "గీసింది మీరే కదమ్మా, ఎక్కడం కూడా మీరే ఎక్కండి" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. సరే ఎక్కుతానన్నాను.

నాకు తోడుగా ఒక వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని ఇచ్చారు. వాళ్ల నాన్న పోర్టు పనికోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. ఈయన విశాఖలోనే పుట్టినా, ఇంట్లో నేర్చిన 'ఆయ్', 'అండి' మాత్రం వదల్లేదు. గేదెను అదిలించేటప్పుడు కూడా అండి అనేవాడు. మనిషి మెత్తన. ఆయనకు ఉన్న ఒకే ఒక పట్టుదల సున్నం. ఏ అధికారి వస్తున్నాడన్నా చెట్ల మొదళ్లకీ, గట్టు రాళ్లకీ, ఆఖరికి కదలకుండా కూర్చుంటే కుక్కకి కూడా సున్నం కొట్టించేస్తాడని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు. సున్నం అంచు లేకపోతే పెద్ద సార్ల కంటికి ఏ పనీ ఆనదని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్ల సర్వీసులో అది నిజమేనని రుజువైందని కూడా చెప్పేవాడు.

మొదటి రోజు సంగతి చెప్పాలి. వన్ టౌన్‌లో కొన్న గుడ్డ బూట్లు, చీర, నెత్తిన మా ఆయన ప్లాంటు టోపీ. చేతిలో నేను గీసిన పటం. పటంలో గీతలు దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ కొండ నిటారుగా ఉన్నట్టు. ఇది నాకు కంఠతా వచ్చు. నా దారిని కాగితం మీద ఎంతో అందంగా తిప్పి గీశాను. ఒక చోట మాత్రం గీతలు దగ్గరపడ్డాయి, అయినా గోరంత దూరమే కదా అనుకున్నాను. ఆ గోరంత దూరం దగ్గరికి వెళ్లి నిలబడితే, కాళ్ల ముందు నేల లేదు. కింద ఎక్కడో అలలు రాళ్లకు కొట్టుకుని తెల్లగా పైకి లేస్తున్నాయి. ఇన్‌స్పెక్టర్ ఉన్నచోటే కూలబడి కళ్లు మూసుకున్నాడు. నాకు మాత్రం నవ్వు మొదలైంది. ఎందుకో తెలియదు. తల తిరుగుతోంది, గాలికి కొంగు జెండాలా ఎగురుతోంది, నవ్వు ఆగడం లేదు. యాభై తొమ్మిదేళ్లు దాటిన మనిషిని, ఉయ్యాల దిగని పిల్లలా నవ్వుతూనే ఉన్నాను. ఆ రోజునుంచి ఆ కొండ నాదైపోయింది.

పటం చుట్టి సంచిలో పెట్టేశాను. కొండ కింద జాలర్ల పల్లె ఉంది. ఆ పల్లె మేకలు రోజూ బంకరు దాకా వెళ్లి మేసి వస్తాయి. మేకకు పటం అక్కర్లేదు గానీ అనవసరంగా ఎక్కడమూ ఇష్టం ఉండదు. వారం రోజులు వాటి వెనకే తిరిగాను. ఎక్కడ అవి మలుపు తిరిగితే అక్కడ గుడ్డపీలిక కట్టాను. ఎత్తుపల్లాలు చూడటానికి తాపీమేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం తెచ్చాం. ఒక కొస నా చేతిలో, రెండో కొస ఇన్‌స్పెక్టర్ చేతిలో. గాలి హోరులో నేను "కిందికి!" అంటే ఆయన పైకెత్తేవాడు. నీళ్లన్నీ నా జాకెట్టు చేతుల్లోకి కారేవి. "క్షమించండి మేడం గారూ" అని అక్కడినుంచి అరిచేవాడు. అదొక్కటీ మాత్రం స్పష్టంగా వినిపించేది.

నలుగురు కూలీలు, రెండు నెలలు. సిమెంటు లేదు. కొండ రాళ్లనే తెచ్చి పేర్చాం. ఇద్దరు పక్కపక్కన నడిస్తే భుజాలు తగిలేటంత దారి. జీడిమామిడి తోపు పక్కగా, మొగలి పొదల కింద నుంచి, ఒక మలుపులో ఉన్నట్టుండి సముద్రం మొత్తం కళ్ల ముందు పరుచుకుంటుంది. ఆ మలుపు దగ్గర ప్రతి రోజూ ఆగి నిలబడేదాన్ని. పని ఎంత ఉన్నా ఆగేదాన్ని. ఇంటికి వచ్చి ఆ మలుపు గురించి చెప్పీ చెప్పీ మా ఆయన చెవులు తినేశాను. ఒక రోజు ఆయన అన్నం కలుపుకుంటూ, "ఇంతకాలం మనకి పెళ్లైంది, నా గురించి ఇంత ఇదిగా ఎవరికైనా చెప్పావా?" అన్నారు. మీలో మలుపు లేదండి అన్నాను.

చిక్కు ఏమిటంటే, అదే బంకరుకు ఇంకో ప్లాను తయారై ఉంది. మా ఆఫీసులోనే రోడ్ల విభాగం ఇంజనీరు ఒకాయన కొండ భుజాన్ని మందుగుండుతో పేల్చి, కార్లు సరాసరి బంకరు పక్కన ఆగేలా రోడ్డు గీశాడు. మంచివాడే. జనానికి నడిచే ఓపిక లేదని ఆయన లెక్క. ఒక సోమవారం పెద్ద అధికారి, కమిటీ వచ్చి చూస్తారనీ, నడక దారి నచ్చితే అది ఉంటుందనీ, లేకపోతే రోడ్డు పని మొదలవుతుందనీ చెప్పారు. అంటే నా మలుపు ఉంటుందో, పేలిపోతుందో ఆ సోమవారం తేలుతుంది.

సోమవారం అధికారి వస్తున్నాడంటే శనివారం ఏం జరుగుతుందో మీరే చెప్పగలరు. ఇన్‌స్పెక్టర్ దారికి రెండు వైపులా పేర్చిన ప్రతి రాయికీ సున్నం కొట్టించాడు. కింద నుంచి పైదాకా, రెండు వరసలూ. సాయంత్రానికి బంకరు దగ్గరికి వచ్చేసరికి రెండు డ్రమ్ముల సున్నం మిగిలింది. బంకరు చూస్తే నల్లగా, నాచుపట్టి, వాన చారలతో దిగులుగా ఉంది. ఇంత దూరం నడిచొచ్చిన పెద్దమనిషికి చివర్న కనపడేది ఇదా అనిపించింది. మిగిలింది దీనికి కొట్టించెయ్యండి, ఫోటోలో బాగా పడుతుంది అన్నాను. సున్నమంటే ప్రాణం పెట్టే ఆ మనిషి మొదటిసారి వెనకాడాడు. పాత కట్టడం కదండీ, ఎందుకండీ అన్నాడు. నేను చూసుకుంటాలెండి అన్నాను.

గంటలో బంకరు పెళ్లికి ముస్తాబైనట్టు తయారైంది. మేమిద్దరం దాని ముందు నిలబడి అరటిపళ్లు తిన్నాం. ఎంత సంతోషమో చెప్పలేను.

మర్నాడు చర్చిలో ఉన్నాను. ప్రసంగం మధ్యలో చేతిసంచిలో ఫోను అదే పనిగా కొట్టుకుంటోంది. మా ఆయన ఓరగా చూశారు. ప్రభువుకు మనసులో సారీ చెప్పి బయటికి వచ్చి తీశాను. అవతల ఇన్‌స్పెక్టర్. దారి మొదట్లో పల్లెవాళ్లు పడవ అడ్డం పెట్టారట. ఎవర్నీ ఎక్కనివ్వమంటున్నారట. ఎందుకని అడిగితే మీరు వచ్చెయ్యండి మేడం గారూ అంటాడు తప్ప ఇంకేమీ చెప్పడు.

ఆటోలో వెళ్లి దిగేసరికి నిజంగానే పడవ. దాని మీద ఆడవాళ్లు, చుట్టూ మగవాళ్లు. ఇసకలో రెండు వలలు పరిచి ఉన్నాయి. రెండూ మధ్యకు చిరిగిపోయాయి. ఊరి పెద్ద, డెబ్భై ఏళ్లాయన, మోకాళ్ల మీద కూర్చుని చిరుగుల్లో చెయ్యి దూర్చి చూపించాడు.

"ఆ కొండ మీద నల్లగది మాకు గురుతమ్మా. నల్లగది మీదకి తాడిసెట్టు వత్తే, అటు ఉత్తరాన తెల్లగుడి అవుపడితే, ఆడ వల దించుతాం. మా తాతలు సెప్పినదే. ఈ తెల్లారగట్ట మంచుల సూత్తే తెల్లగా ఏటో అవుపడినాది. గుడే అనుకోని పోనాం. రాళ్ల మీద దించీసినాం."

ఇప్పుడు ఫోన్లలో దారి చూపిస్తుంది కదా అని నాలోని ఆఫీసు మనిషి అడగనే అడిగింది. పెద్ద పడవలకి అవన్నీ ఉంటాయట. తడి చేత్తో, ఊగే తెప్ప మీద, తెల్లవారకుండా ఫోను నొక్కి చూడు నువ్వు అన్నాడాయన.

ఆయన వేలు ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. ఈ గోదారాయనకి సున్నం పిచ్చి, ఊరంతా తెలుసు, ఈయనే చేయించాడు అన్నాడు. పడవ మీది ఆడవాళ్లు అందుకున్నారు. ఇన్‌స్పెక్టర్ తల వంచుకుని నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, రెండు మూడు నిమిషాలు నేనూ నోరు మెదపలేదు. ఈయనకు ఇంకా ఆరేళ్ల సర్వీసుంది, నాకు నాలుగు నెలలే అన్న సంగతి కూడా అప్పుడు గుర్తు రాలేదు. నా దారి పోతుందన్న భయమొకటే ఉంది. ఆయన మెడ మీద చెమట కారుతుంటే చూసి, ఇక నావల్ల కాలేదు.

"అన్నా, ఆయన వద్దన్నాడు. నేనే కొట్టించాను," అన్నాను.

ఊరి పెద్ద నన్ను ఎగాదిగా చూశాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

"నువ్వేటమ్మా? ఇన్నాళ్లు మా మేకల ఎనకాల తిరిగి దారేసినావు. ఆ గది ఎవులికి కావాలో మమ్మల్ని ఒక్క మాట అడగనేదా?"

అడగలేదు. కొండను కాగితం మీద చూశాను, కొండ మీద నిలబడి చూశాను. సముద్రంలో నుంచి దాన్ని చూసేవాళ్లు ఉంటారన్న ఆలోచన ముప్పై ఏళ్లలో ఒక్కసారీ రాలేదు. నాకు ఏడుపొచ్చింది. అక్కడే చిరిగిన వల పక్కన కూర్చుని ఏడ్చాను.

ఏడిస్తే సున్నం పోదు కదా. పల్లె కుర్రాళ్లు, మేమూ బిందెలతో నీళ్లు మోసి కొబ్బరిపీచుతో రుద్దాం. పాత గోడ, ఎన్ని గుంటలున్నాయో అన్నిటిలోకీ సున్నం ఇంకిపోయింది. రుద్దేకొద్దీ ఇంకా తెల్లగా, సమంగా అయింది. ఇన్‌స్పెక్టర్ నల్ల పెయింటు వేసేద్దామండి అన్నాడు. నల్ల పెయింటు ఎండకు మెరుస్తుంది, మెరిస్తే అదీ తెల్లగానే కనిపిస్తుందని ఊరి పెద్ద కొట్టేశాడు. మధ్యాహ్నం మూడైంది. మర్నాడు పొద్దున తొమ్మిదికి కమిటీ. గురుతు మళ్లీ రానిదే పడవ తీసేది లేదని ఆయన ఖరాఖండిగా చెప్పేశాడు. తప్పు మాది, ఏమంటాం.

అప్పుడు ఊరి పెద్దకు అక్క, పళ్లు లేని ముసలమ్మ, అంతసేపూ పడవ మీద చుట్ట కాలుస్తూ కూర్చున్నావిడ, నోట్లోంచి చుట్ట తీసింది.

"కసాయం పెట్టండి," అంది.

ఎవరికి జ్వరం అనుకున్నాను. సంగతేమిటంటే, నైలాను వలలు రాకముందు నూలు వలలూ తెరచాపలూ ఉండేవి. తుమ్మచెక్క మరిగించి ఆ కషాయంలో వాటిని ముంచితే కుళ్లకుండా ఉండేవట. తెరచాప ముదురు గోధుమ రంగులోకి వచ్చి, ఎన్ని వానలు పడినా పోయేది కాదట. గుడ్డకు పట్టేది గోడకెందుకు పట్టదని ముసలమ్మ వాదన. అప్పటికి ఇంకెవరి దగ్గరా ఏ ఆలోచనా లేదు కాబట్టి ఆవిడ మాటే మా అందరికీ శాసనమైంది.

తుమ్మచెక్క ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు. వన్ టౌన్‌లో మా పుట్టింటి సందులోనే చెక్కలు, వేర్లు, మూలికలు టోకున అమ్మే కొట్టుంది. ఆదివారం మూసేస్తారు. కొట్టాయన ఇల్లు వెనకే. నిద్రపోతున్న మనిషిని లేపితే, నా మొహం చూసి, చిన్నప్పుడు కూడా ఇలాగే కిటికీ కొట్టి పారిపోయేదానివి అన్నాడు. ఈసారి పారిపోను, నాలుగు బస్తాలు ఇవ్వు అన్నాను. ఆటోలో బస్తాల మీద నేను కూర్చుంటే, డ్రైవరు అద్దంలో నన్ను చూసి ఊరంతా నవ్వుకుంటూ తోలాడు. నేనూ నవ్వాను. పొద్దున ఏడ్చిన మనిషిని నేనేనా అనిపించింది.

పల్లెలో పెళ్లిళ్లకు వాడే రెండు పెద్ద డేగిశాలు ఇసకలో పొయ్యి మీదకెక్కాయి. చెక్క మరుగుతుంటే ముసలమ్మ వేలు ముంచి నాకి, ఇంకా కానీండి అనేది. ఈలోగా ఆవిడ కన్ను దారి రాళ్ల మీద పడింది. ఈ తెల్ల వరసలు సముద్రం మీదకి ఎలా మెరుస్తాయో చూశారా, వీటి సంగతేమిటి అంది. ఇన్‌స్పెక్టర్ మొహం పాలిపోయింది. అన్నిటికీ పూయడానికి కషాయం చాలదు. కడగడానికి నీళ్లు లేవు. చివరికి ఆయనే, గుండె రాయి చేసుకుని, మొదటి రాయిని ఎత్తి బోర్లించాడు. తెల్లవైపు నేలకి, నల్లవైపు పైకి. అలా ఒక్కొక్కటే. పల్లె జనం అందుకుని చీకటి పడేలోగా కొండ పైదాకా ఉన్న రాళ్లన్నీ తిప్పేశారు. మూడొందల అరవై అయిదు రోజులూ సున్నం కొట్టించే మనిషి చేతులమీదుగా ఆ పని జరగడం చూస్తే నాకే జాలేసింది.

సోమవారం తెల్లారగానే బిందెలతో కషాయం కొండెక్కింది. సముద్రం వైపు గోడ మీద ముసలమ్మ మొదటి చీపురు వేసింది. తమలపాకు నోట్లో పండినట్టు, సున్నం మీద ఆ కషాయం పడగానే ఎరుపెక్కి, చూస్తుండగానే ముదురు గోధుమ రంగులోకి దిగింది. ఓలమ్మో అని ఎవరో అన్నారు. ఆ తరవాత ఇక ఆగలేదు. ఆడవాళ్లు పాటందుకున్నారు. చీపుర్లు, గోనెపట్టాలు, చేతులు, ఏది దొరికితే దానితో పూశాం. నా చీర, నా జుట్టు, ఇన్‌స్పెక్టర్ చొక్కా, అన్నీ ఒకటే రంగు. పైన గాలి, కింద సముద్రం, ఒళ్లంతా కషాయం. నా సర్వీసు మొత్తానికి అంత హుషారుగా పని చేసిన పూట ఇంకొకటి లేదు.

మూడు గోడలయ్యాయి. నాలుగోది సగంలో ఉండగా, మలుపు దగ్గర మనుషుల మాటలు వినపడ్డాయి. తొమ్మిదికి రావాల్సిన కమిటీ ఎనిమిదింపావుకే వచ్చేసింది. సముద్రం వైపు గోడ పూర్తికాగానే ఊరి పెద్ద అన్న మాట ప్రకారం దారికి అడ్డం పెట్టిన పడవ తీయించేశాడు మరి.

పెద్ద అధికారి భారీ మనిషి. కారు దిగి ఆఫీసు మెట్లెక్కడం తప్ప నడకెరగడని అందరూ అనేవారు. ఆయన మలుపు దగ్గర ఆగిపోయాడు. వెనకున్న రోడ్డు ఇంజనీరు, చూశారా సార్, ఆయాసం వస్తుంది, అందుకే రోడ్డు అంటున్నాడు. అధికారి చెయ్యెత్తి ఆగమన్నాడు. సముద్రం కేసి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. తరవాత నాకు మొదటి రోజు వచ్చినట్టే ఆయనకీ నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, ఎందుకో తెలియకుండా నవ్వాడు. అలా నవ్వుతూనే బంకరు దగ్గరికి వచ్చి, మమ్మల్ని చూశాడు. గోధుమ రంగు మనుషులు పన్నెండు మంది, చీపుర్లతో.

"ఏమిటిది?" అన్నాడు.

చెప్పడానికి సిద్ధపడే ఉన్నాను, ప్రమాణం. నేను నోరు తెరిచేలోగా ఇన్‌స్పెక్టర్ చీపురు పక్కన పెట్టి, చేతులు కట్టుకుని, రెప్ప ఆర్పకుండా చెప్పాడు.

"ఆయ్, సంప్రదాయ సంరక్షణ లేపనమండి. ఉప్పుగాలికి కట్టడం దెబ్బతినకుండా స్థానికులు తరతరాలుగా వాడే కషాయమండి. మందుగుండు అదురు మాత్రం దీనికి పడదండి. పూత పగిలిపోద్దండి."

జీవితంలో అబద్ధమాడని మనిషి. ఒక్కసారి ఆడితే ఇలా ఆడాడు. రోడ్డు ఇంజనీరు గోడ వాసన చూసి, ఇది నేనెక్కడా చదవలేదే అన్నాడు. అధికారి ముసలమ్మ వైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. ఆవిడ చుట్ట చెవి వెనక దోపుకుంది.

"మా నాయిన తెరసాపకి ఇదే ఏసీవోడు బాబూ. అది నానూ మా తమ్ముడూ పుట్టకముందుది. ఇంకా ఉంది సూత్తావేటి?" అంది. "ఈ గది మాకు గురుతు. దీన్ని పేల్చీసినారంటే మేం సముద్రంల తప్పిపోతాం."

అందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. అధికారి నోట్‌బుక్ తీసి నిలబడే రాసుకున్నాడు. వారానికి ఆర్డరు వచ్చింది. కొండ మీద పేలుళ్లు నిషేధం. నడక దారి ఉన్నది ఉన్నట్టు ఉంచాలి. బంకరుకు ప్రతి ఏటా స్థానికులచేత సంప్రదాయ సంరక్షణ లేపనం వేయించి, ఫోటోలతో సహా నివేదిక పంపాలి. ఆ ఫైలు మీద నా సంతకం కూడా ఉంది. ప్రభువు క్షమిస్తాడనే అనుకుంటున్నాను.

అప్పటినుంచి ప్రతి ఏడాదీ వానలు వెళ్లాక పల్లెలో డేగిశాలు పొయ్యెక్కుతాయి. నేనూ వెళతాను, ఇన్‌స్పెక్టరూ వస్తాడు. ఆయన కూడా రిటైరయ్యాడు లెండి. అబ్బాయీ, నువ్వు దొరల రంగన్నావే, అదీ దాని సంగతి.

రిటైరైన మర్నాడు ఊరి పెద్ద కబురు పంపాడు, తెల్లారగట్ట రమ్మని. వెళితే తెప్ప సిద్ధంగా ఉంది. ఆడవాళ్లను వేట తెప్ప ఎక్కించరని నాకు తెలుసు. అదే అడిగాను. ఆయన నన్ను చెయ్యి పట్టి ఎక్కిస్తూ, "నువ్వు ఆడమనిసివేటమ్మా? గవర్నమెంటోడివి," అన్నాడు. నిన్నటితో అది కూడా పోయిందన్నాను. ఏం ఫర్వాలేదు, పెన్షనుంది కదా అన్నాడు.

తీరం దూరమైంది. మంచు పల్చబడుతుంటే కొండ పైకి తేలింది. ఆయన చెయ్యి చాచి చూపించాడు. నల్లగది, దాని నెత్తి మీద తాడిచెట్టు. ఉత్తరాన తెల్లగుడి. రెండూ కుదరగానే ఇంజను ఆపి వల దించాడు. చిరిగి, మళ్లీ కుట్టిన వల. నేను కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కొండంతా వెతుకుతున్నాను.

"ఏటి ఎతుకుతన్నావ్?" అన్నాడు.

నా దారి అన్నాను. ఆయనా వెతికాడు. జీడితోపు, మొగలి పొదలు, మలుపు దాకా కళ్లు చికిలించి చూశాడు.

"నేదమ్మా. కొండ ఎలాగుండీదో అలాగే ఉంది," అన్నాడు.

నా పనికి నా జీవితంలో ఎవరూ ఇంత మంచి సర్టిఫికెట్ ఇవ్వలేదు. నవ్వాను. మళ్లీ అదే నవ్వు, మొదటి రోజుది. తెప్ప ఊగిపోతుంటే ఆయన తిట్టాడు కూడా.

మీరు ఈసారి ఆ దారిన వెళ్లినప్పుడు, మలుపు దాటాక ఎడమ వైపు ఏదో ఒక రాయి ఎత్తి తిరగేసి చూడండి. అడుగున ఇంకా కాస్త తెల్లగా ఉంటుంది. చూశాక, మరిచిపోకుండా మళ్లీ బోర్లించి పెట్టండి. అవతల సముద్రంలో వల దించేవాళ్లుంటారు.